ఛాయాగ్రాహక వరణము

పెండ్లి తలపెట్టిన తెలుగు గృహస్థుని లోకజ్ఞానము వంటమేస్త్రి యెదుట ప్రకాశించినట్లు మరెక్కడను ప్రకాశింపదు. పనసపొట్టు కూరలో ఆవ యేపాటి పడవలెనో, బూరెలలోని పూర్ణము పలుచబడకుండ నేమి చేయవలెనో, పప్పుమీది నెయ్యి చెంచాతో వడ్డింపవలెనో గరిటెతో వడ్డింపవలెనో నిర్ణయించి, కాగితముపై వ్రాయించి, వ్రాసినదానిని మరల చదివించుకొని, సన్నాయిమేళము వారితో సన్నాయిలెన్ని డోళ్లెన్ని యని ముందుగనే లెక్క తేల్చుకొని, చీరల దుకాణములో జరీని గోటితో గీకి చూచి, తుదకు విస్తరాకులను సైతము వెలుతురునకు అడ్డముపట్టి చిల్లులు పరీక్షించిన పిమ్మటగాని బయానా చేతబెట్టని యా మేధావి, కూర అరిగిపోయి, విస్తరి పారవేయబడి, మేళము వెడలిపోయిన తరువాత ఇంట మిగులవలసిన యొకేయొక వస్తువైన ఛాయాచిత్రముల విషయమున మాత్రము, స్టూడియో కుర్చీ యంచున కూర్చుండి, అడ్వాన్సు నోట్లు లెక్కించి యిచ్చి, "నీకు చెప్పేదేముంది బాబూ, బాగా తియ్యి" అని పలికి లేచి వచ్చును.

ఇక ఆతడు ఇల్లు చేరునప్పటికి, ఆ ఇంట ఎవరి యాల్బము వారి మనసులో అచ్చుపడియే యుండును. పెండ్లికూతురు తన్ను చలనచిత్ర నాయికగా భావించుకొని, మంచుపొగలలో వెనుకకు తిరిగి చూచుచున్న భంగిమను కోరును. ఆమె తల్లి, బ్యాంకు లాకరునుండి విడిపించి తెచ్చిన కాసులపేరును, వంకీలును, వడ్డాణమును విడివిడిగా కనబడవలెననియు, కూతురి మొగము ఎట్లున్నను వడ్డాణము మసకబారరాదనియు తలంచును. తండ్రికి, శాసనసభ్యుడు గారు వచ్చి అక్షతలు వేయు క్షణము తక్క తక్కిన కల్యాణమంతయు ఉపోద్ఘాతమే. నాయనమ్మ, మునిమనుమలందరు చుట్టును చేరిన పటమొకటి ఉన్నచో చాలునని లోలోపల కోరుకొనుచు, అడుగుటకు సిగ్గుపడి ఊరకుండును. చిత్రమేమనగా, అందరి కోరికలలోను న్యాయమైనది అదియొక్కటే కాగా, నెరవేరనిదియు అదియొక్కటే. వీరెవ్వరును తమ యాశను ఫొటోగ్రాఫరునకు చెప్పరు. చెప్పనిదానిని గ్రహించుట యోగులకుగాని సాధ్యము కాదు. ఆ కుర్రవాడో, మొన్నటిదాక తమ్ముని కెమెరాతో తిరునాళ్లలో రంగులరాట్నములు తీయుచుండినవాడు.

నా మిత్రుడొకడు, రెవిన్యూ శాఖలో దస్తావేజులను భూతద్దముతో చదివి చదివి పదవీ విరమణ చేసినవాడు, కుమార్తె వివాహము నిమిత్తము రాజమహేంద్రవరములోని యొక స్టూడియోకు నన్ను తోడుకొనిపోయెను. బల్లమీద నొక ఆల్బము పరచియుండెను. తెరచినచో అడుగు వెడల్పున, మూడడుగుల పొడవున పరచుకొను కరిజ్మా ఆల్బమది. దానిని ఒడిలో పెట్టుకొని చూచుటకు మోకాళ్ల బలము కావలెను. అందులోని దంపతులు ఏ రాజప్రాసాదములోనో పూర్వాహ్ణపు టెండలో నిలిచియుండిరి. మావాడు నిర్ణయించిన మండపమో, ఊదారంగు దీపములు మెరసి ఆరుచు, ఎంతటి పచ్చని మొగమునైనను నేరేడుపండు చేయగల చోటు. ఆ పటము చూచి ఈ మండపములో ఆ వెలుతురు దిగివచ్చునని విశ్వసించి, మిత్రుడు పరవశుడై తల యూపుచుండెను. "మా మండపంలో తీసిన పెళ్లి ఒకటి, మొదటి ఫొటో నుంచి చివరిదాకా మొత్తం చూపిస్తావా బాబూ?" అని నేనడుగగా, స్టూడియో యజమాని నావైపు అపశకునమును చూచినట్లు చూచెను.

తదుపరి ప్యాకేజీ పారాయణము సాగెను. ట్రెడిషనల్ ఒకరు, క్యాండిడ్ ఒకరు, వీడియోకు ఇరువురు, డ్రోను, ఎల్‌ఈడీ తెర, యూట్యూబులో ప్రత్యక్ష ప్రసారము, టీజరు, మారేడుమిల్లిలోనో లంబసింగిలోనో ప్రీవెడ్డింగు.

"క్యాండిడ్ అంటే ఏమిటయ్యా?" అని మిత్రుడడిగెను.

"మీకు తెలియకుండా తీసేదండీ."

"నాకు తెలియకుండా తీసేదానికి డబ్బులు మాత్రం తెలిసే ఇవ్వాలా?"

ఈ యొక్క ప్రశ్నలో ఆతని రెవిన్యూ శాఖ మేల్కొనినదని నేను సంతోషించితిని. కాని వెంటనే నిద్రించినది. మిక్కిలి అగత్యమైన ప్రశ్న ఆతని నోట రానేలేదు: ఆనాడు కెమెరా పట్టుకొని వచ్చునది ఎవరు? మన వివాహములన్నియు పంచాంగమునకు లోబడినవి. ఆషాఢము శూన్యమాసము, మూఢము వచ్చెనా, గురుడో శుక్రుడో అస్తమించియున్నంతకాలము పురోహితులు పెదవి కదపరు. అందుచేత మాఘ ఫాల్గుణములలోను, వైశాఖ శ్రావణములలోను ఊరంతయు ఒకే రాత్రి, ఒకే లగ్నమున పెండ్లాడును. ఆ రాత్రి, షోకేసులోని పటములు తీసిన సవ్యసాచి ఏ సంపన్నుని మండపములోనో ఉండును. మనకడకు వచ్చువాడు అతని శిష్యునకు ప్రశిష్యుడు. పుస్తె కట్టుటకు పురోహితుడు మారినను మంత్రము మారదు. కెమెరావాడు మారినచో పటమే మారిపోవును. ఇది తెలిసినవారు రసీదు మీద "ఫలానా ఆయనే రావలెను" అని వ్రాయించుకొందురు. తెలియనివారు పెండ్లినాడు ఫోను చేసి, "వస్తున్నాడండీ, దారిలో ఉన్నాడు" అను నాశీర్వచనమును తెల్లవారు దాక వినుచుందురు.

పూర్వకాలమున ఈ సంకటము లేకుండుటకు కారణము పెద్దల సద్బుద్ధి యని కొందరు పలుకుదురుగాని, నాకు తోచినంతవరకు కారణము రీలు ఖరీదు. ఒక రీలుకు 36 పటములు. ఒక్కొక్క మీటకు రూపాయలు కరగిపోవును. కావున మీట నొక్కుటకు ముందే పెద్దవారును ఫొటోగ్రాఫరును మాటలాడుకొనక తప్పెడిది కాదు: జీలకఱ్ఱ బెల్లము ఒకటి, మంగళసూత్రము రెండు, తలంబ్రాలు రెండు, పందిరి ముందు కుర్చీలు వేసి బంధువర్గము ఒకటి. అంతకుముందు, మన రాజా దీన్‌దయాళ్, ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుచే ముసవ్విర్ జంగ్ బిరుదమందినవాడు, హైదరాబాదులో 1892లో జనానా స్టూడియో నొకదానిని నెలకొల్పి, ఘోషా స్త్రీలను తీయుటకు ఆంగ్లవనితను నియమించి, ఎవరు తీయవలెను, ఎవరు తీయరాదు, లోనికెవరు రావలెను అనుదానిని గోడ కట్టినంత స్పష్టముగా తేల్చివేసెను. నేడు మీటకు ఖర్చు లేదు. ఖర్చు లేనిచోట ఆలోచన లేదు. ఒక్క పెండ్లికి వేలకొలది పటములు తీయబడును. పూలజడ ఒక్కటియే నలువది కోణములనుండి కనబడును. మేనత్త మాత్రము ఏ కోణమునను కనబడదు.

ఇక ముహూర్తఘట్టము. జ్యోతిష్కుడు విఘటికలతో సహా గుణించి యిచ్చిన లగ్నమున, అడ్డుతెర దిగగానే, వధూవరులు ఒకరి శిరస్సుపై నొకరు జీలకఱ్ఱ బెల్లము నుంచవలెను. ఆ క్షణమున వేదికపై కెమెరాలు పట్టినవారును, దీపములు పట్టినవారును, వైర్లు పట్టినవారును కలసి యొక ప్రాకారమై నిలుతురు. మూడు జిల్లాలు దాటి, రెండు రైళ్లు మారి వచ్చిన చుట్టములు ఆ ప్రాకారము యొక్క వీపులను దర్శించి, అక్షతలను ఆ వీపులమీదనే చల్లి, ప్రక్కనున్న ఎల్‌ఈడీ తెరపై పెండ్లి చూచి కృతార్థులగుదురు. లోపల, "పంతులుగారూ, కొంచెం ఎడమపక్కకి", "అమ్మా, చెయ్యి తియ్యకండి, అలాగే ఉంచండి", "సార్, మూడో ముడి ఒక్క నిమిషం ఆపండి" అను నూతన ఋక్కులు వినబడుచుండును. మూడవ ముడి నిజముగనే ఆగును. అమృతఘడియలు గడచిపోయి వర్జ్యము వచ్చినను, ఫోకసు కుదిరినదాక ముడి పడదు. ఘడియ దాటెనని వియ్యంకుడు ఆలస్యముగా వచ్చినందుకు కనులెఱ్ఱజేసిన పెద్దమనిషియే, ఇచ్చట చేతులు కట్టుకొని వినయముగా నిరీక్షించును. ఈ పనికి హద్దు గీయగలవాడు కన్యాదాత యొక్కడే. ముహూర్తమునకు వేదికపై ఇద్దరే ఉండవలెను, తక్కినవారు మెట్ల క్రిందనుండి తీయవలెను అని ముందునాడు చెప్పినచో, ఏ ఫొటోగ్రాఫరును కాదనడు. చెప్పువాడే కరవు.

అరుంధతీ దర్శనము సంగతి వేరుగా చెప్పవలెను. సప్తర్షి మండలములో వసిష్ఠుని చెంత మినుకుమను నా సాధ్వీతారకను రాత్రియందైనను మంచి కన్నులున్నవారే పోల్చుకొనగలరు. మనము పట్టపగలు చూపుట పరంపరాగతమైన విశ్వాసము, దానికి నేను ఆక్షేపము చెప్పను. కాని యిటీవల నొక వివాహములో, పురోహితుడు వ్రేలెత్తి "అదిగో అరుంధతి" అనగా, వధూవరులు తలలెత్తి, నిక్కముగా నొకదానిని చూచి, చిరునవ్వు నవ్విరి. అది డ్రోను. మధురపూడి విమానాశ్రయమునకు చేరువ మండపములలో ఆ తారకను ఎగురవేయుటకు ముందు అనుమతి కావలెననియు, అందుకు 2021 నాటి డ్రోను నియమములు కలవనియు ప్యాకేజీలో ఎవ్వరును వ్రాయరు. పోలీసు వచ్చి యడిగినప్పుడు, "పెళ్లివారే ఎగరెయ్యమన్నారండీ" అని కుర్రవాడు మిత్రునివంటి కన్యాదాతలను చూపును.

ఆ కుర్రవాని పక్షము వహించి నాలుగు మాటలు చెప్పనిచో అన్యాయమగును. ఉదయము గౌరీపూజకు వచ్చినవాడు, అప్పగింతల యేడ్పులు తీయుదాక నిలువుకాళ్లపై నుండును. లైటు పట్టుకొను పదునారేండ్లవాని చొక్కా వీపునకంటుకొని యుండును. బంతి వెంబడి బంతి లేచుచుండగా, భోంచేయుచున్న చుట్టముల నోళ్లనుకూడ తీయుమని ఆజ్ఞాపించిన గృహస్థుడు, "నువ్వు తిన్నావా?" అని యడుగుట మరచును. వారు విస్తరి ముందు కూర్చుండునప్పటికి పులిహోర గంగాళము బోర్లించి యుండును. మజ్జిగయు, అప్పడపు ముక్కలును మిగులును. అనంతరము రాత్రి రిసెప్షనులో మన మొగములు వాడిపోయినట్లు వచ్చినవని ఆ ఆకలిగొన్నవానిపై నిందవేయుదుము.

పెండ్లి ముగిసిన తరువాత రెండవ యుద్ధము. ఆల్బము ఆలస్యమైనదని కన్యాదాత స్టూడియోవాని వంశమును కీర్తించును. స్టూడియోవాడు, "సెలక్షన్ ఇంకా రాలేదు కదండీ" అనును. ఇరువురును నిజమే చెప్పుదురు. ఆ వేలకొలది పటములున్న పెన్‌డ్రైవు, ఇంటిలోని నలుగురు నాలుగు చోట్ల నుండుటచేత, దసరాకు చూతమని సంక్రాంతికి, సంక్రాంతికి చూతమని ఉగాదికి జరుగుచుండును. ఈలోగా, ఏడ్చి ఎఱ్ఱబడిన కన్నులతో ఉన్న పెండ్లికూతురి పటము స్టూడియోవాని ఇన్‌స్టాగ్రాములో వెలసి, అత్తవారి ఊరివారు ముందుగా చూచి, "మీ అమ్మాయికి ఇష్టంలేని పెళ్లా?" అని విచారించుటతో కన్యాదాతకు హక్కులు జ్ఞప్తికి వచ్చును. హక్కు ఉన్నమాట వాస్తవమే. 1957 నాటి కాపీరైటు చట్టము 17వ విభాగము ననుసరించి, మూల్యమిచ్చి తీయించుకొనిన ఛాయాచిత్రమునకు, వేరొక యొప్పందము లేనియెడల, తీయించుకొనినవారే తొలి స్వామ్యము కలవారు. కాని యా "వేరొక యొప్పందము", మిత్రుడు మడిచి జేబులో పెట్టుకొనిన రసీదు వెనుక, చీమతలకాయలంతటి ఆంగ్లాక్షరములతో ముద్రింపబడియున్నది. జీవితమంతయు పరుల దస్తావేజులలోని చీమతలకాయలను పట్టుకొనిన నా మిత్రుడు, తన రసీదును తిరుగవేసి చూడలేదు; స్టూడియోలోనే నేను దానిని తిరుగవేసి చూపగా, ఆ పంక్తిని కొట్టివేయించి, "మా అనుమతి లేనిదే ఎక్కడను పెట్టరాదు" అని తెలుగులో వ్రాయించి, చేవ్రాలు పెట్టించెను. యజమాని సంకోచింపక సంతకము చేసెను. అడిగినవారు అంతవరకు లేకపోవుటయే కాని, ఆతనికి అందులో విరోధమేమియు లేదట.

ఈ విజయముతో ఉత్సాహము పొంది, తప్పక తీయవలసిన బంధువుల పట్టిక యొకటి వ్రాసి యిమ్మని నేను సూచించితిని. ఇంటిలో ఆ పట్టిక ప్రారంభమైన రాత్రి మొదలు శాంతి లేదు. పెద్దమామ పేరు చిన్నమామ క్రింద పడినదని మిత్రుని భార్య కాగితము చించెను. మరల వ్రాసిరి. అమెరికానుండి రానున్న తోడల్లుడు, తాను వచ్చుట నిశ్చయము కాకున్నను పేరుండవలెనని ఫోనులో పట్టుబట్టెను. మాటలు లేని రెండు కుటుంబములను ఒక పటములో నిలుపుటెట్లు అను విషయముపై పెద్దలు కూడి తర్కించి, నడుమ నొక పూలకుండీ నుంచుటకు తీర్మానించిరి. నాయనమ్మ కోరిక నేనే పైన వ్రాయించితిని. ఎట్టకేలకు, శుద్ధప్రతి సిద్ధమై, పసుపు బొట్లతో స్టూడియోకు చేరెను.

యజమాని దానిని మొదటినుండి తుదిదాక శ్రద్ధగా చదివి, వెనుకకు త్రిప్పి చూచి, "బాబుగారూ, ఇందులో పెళ్లికొడుకుగారి పేరు లేదండీ" అనెను.

"అల్లుడుగారు ఎలాగూ స్టేజీ మీదే ఉంటారు కదయ్యా," అనెను మిత్రుడు విసుగుతో, "ముందు మా వియ్యపురాలి అన్నగారి సంగతి చూడు."