‘ఎవరి తాలూకా?’: టీకా తాత్పర్య సహితం

మూలం

“ఏటి బాబూ, ఎవరి తాలూకా? ఓలమ్మ! మా అక్క తోటికోడలి తమ్ముడి కొడుకువా? అయితే నాకు మేనల్లుడివే. కూకో, తిని ఎల్దువు గాని!”

అవతారిక

గాజువాక కల్యాణమండపమందు, రెండో బంతికి ఆకులు వేయుచుండగా, ఉక్కునగరం నుండి వచ్చిన కుర్రవానిని నిలబెట్టి ఒక పెద్దావిడ పలికినది. 1933లో తెరిచిన ఓడరేవు ఎక్కడెక్కడివారినో ఇచ్చటికి చేర్చినది. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము ఉన్న ఊళ్లను లేపి కాలనీలలో సర్దినది. ముఖము చూచి ఇంటిపేరు పోల్చు వీలు పోయినందున ఈ ప్రశ్న పుట్టినది.

ప్రతిపదార్థం

బాబూ = పేరు తెలియనివాడా; ఎవరి తాలూకా = ఎవరికి చెందినవాడవు (1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినవి; ఆ ఉత్తర్వు పెళ్లిపందిళ్లకు ఇంకను చేరలేదు); ఓలమ్మ = లెక్క తేలినదని తెలుపు అవ్యయము; తోటికోడలు = ఒకే అత్తగారి నోట నలిగిన ఇద్దరిలో ఒకతె.

టీక

తోటికోడళ్లు అక్కచెల్లెళ్ల వరుస. అక్కకు చెల్లెలు నాకును తోబుట్టువే. ఆమె తమ్ముడు నాకును తమ్ముడు. ఆడదానికి తమ్ముని కొడుకు మేనల్లుడు.

శంక: ఇందు రక్తమేది? జన్యుశాస్త్రజ్ఞుడు సీవాల్ రైట్ 1922లో చెప్పిన లెక్కకు ఇది సున్నా గదా?

సమాధానం: ఆ లెక్కకు బాబాయి కూతురును, మేనమామ కూతురును ఒక్కటే, ఇద్దరును ఎనిమిదో వంతు. మనకు మొదటిది చెల్లెలు, రెండవది మరదలు. ఒకతెకు సారె పెట్టవలెను, ఇంకొకతెకు తాళి కట్టవచ్చును. మేనరికము దక్షిణాది ఆచారమని బౌధాయనుడే వ్రాసినాడు. రక్తము ఎంత దగ్గరో చెప్పును. ఏమని పిలువవలెనో చెప్పదు.

శంక: 1955 నాటి హిందూ వివాహ చట్టము తండ్రివైపు 5, తల్లివైపు 3 తరాల లోపలి సపిండులకు పెళ్లి కూడదన్నది గదా?

సమాధానం: ఆచారమున్నచోట చట్టమే సడలించినది. పైగా ఇచ్చట పిండమే లేదు, సపిండులెక్కడ?

శంక: అసలు మూలమందు పెళ్లి మాట ఏది?

సమాధానం: ‘మేనల్లుడు’లో అల్లుడున్నాడు.

తాత్పర్యం

పెద్దావిడకు పెళ్లీడు కూతురు కలదు.

పాఠాంతరం

కుర్రవానికి పెళ్లయినదని తెలిసిన ప్రతులలో ‘మేనల్లుడివే’కు బదులు ‘కొడుకులాంటోడివే’ అని యున్నది. ‘తిని ఎల్దువు గాని’ మాత్రము అన్ని ప్రతులలోను కలదు.