రాష్ట్రపతికి తాకట్టు!

వేంసూరు తపాలా కార్యాలయంలో ఓ గుమాస్తా గారు ఇంట్లోకి కంప్యూటర్ కొనాలనుకున్నారనుకుందాం. కేంద్ర ఉద్యోగి కదా, అడ్వాన్సు ఉంది. ఏడో వేతన సంఘం పుణ్యమా అని 2016లో సైకిల్ అడ్వాన్సు పోయింది, మోటార్ సైకిల్ అడ్వాన్సూ పోయింది. ఆఫీసుకు నడిచి వెళ్లినా ఫర్వాలేదు గానీ ఇంట్లో మౌస్ కదలాలన్నది సర్కారు వారి ఉద్దేశం!

ఇచ్చేది 50,000 రూపాయలు లేదా అసలు ధర, ఏది తక్కువైతే అది. సత్తుపల్లి దుకాణంలో అంతకు మించినది నచ్చితే మిగతాది సొంత జేబులోంచే. కొన్నాక పెట్టె మన బల్ల మీదే ఉంటుంది. కాగితాల్లో మాత్రం సాక్షాత్తూ భారత రాష్ట్రపతికి తాకట్టు! అంటే, మనవడు మజ్జిగ ఒలకబోసినా అది దేశ ప్రథమ పౌరుడి పూచీకత్తు మీదే.

వాయిదాలు 150 నెలల దాకా, అంటే పన్నెండున్నరేళ్లు. విండోస్ 10కే మైక్రోసాఫ్ట్ 2015 నుంచి 2025 దాకా, పదేళ్లు సేవలందించి దండం పెట్టేసింది. కంప్యూటర్ పాత సామాన్ల వాడి బండెక్కినా జీతంలో కోత ఆగదు.

అన్నట్టు, సర్వీసు మొత్తంలో ఈ భాగ్యం ఐదుసార్లు. ఒకటి తీరాక ఒకటిగా, పూర్తి వాయిదాలతో వాడుకుంటే అరవై రెండున్నరేళ్లు పడుతుంది. పదవీ విరమణ అరవైకే. కాబట్టి ఉద్యోగార్థులకు సలహా: పుట్టడానికి రెండున్నరేళ్ల ముందే కొలువులో చేరండి!