నేను విన్న ఖలీల్‌వాడి

నేను తీగ ఉన్న పాతరకం ఇయర్‌ఫోన్‌ని. గాంధీచౌక్‌లో ఒక దుకాణం కొక్కేనికి వేలాడుతుంటే ఒక యువకుడు బేరమాడి కొనుక్కున్నాడు. పాటల కోసం కాదు, రోడ్డు మోత వినపడకుండా ఉండాలని. ఖలీల్‌వాడిలో మందుల దుకాణంలో పని, ఆ పక్కనే రోడ్డు వైపు కిటికీ ఉన్న అద్దె గది. నిజామాబాద్‌లో దవాఖానలన్నీ ఒకచోట చేరినట్టుండే పేట అది. పల్లెల నుంచి రోగుల్ని తెచ్చే ఆటోలు, దారి కోసం అరిచే అంబులెన్సులు, వాటి వెనక ఊరికే హారన్ నొక్కే బండ్లు.

బయట మోత పెరిగినకొద్దీ అతను నా గొంతు పెంచేవాడు. వారానికి 40 గంటలు వినేవాళ్లకు 80 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అతని చెవిలో నేను అంతకు మించి అరిచిన రాత్రులున్నాయి. నన్ను తీసి పక్కన పెట్టినా నిద్ర పట్టేది కాదు. హారన్‌కు మనిషి మేల్కోకపోయినా గుండె వేగం పెరుగుతుంది, ఒళ్లు ఉలిక్కిపడుతుంది. తెల్లారేసరికి కోపం, మతిమరుపు. మందు చీటీ చదవబోతే అక్షరాలు అలుక్కుపోయేవి.

బోధన్ నుంచి అతని బాపు ఫోన్ చేసేవాడు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషి. 1937లో మొదలై, ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడింది. కొడుకు బాధ విని ఆయన అన్న మాట నాలో నుంచే వెళ్లింది: “మిల్లు నడిచినన్ని దినాలు ఆ మోతలనే పండుకున్నం బిడ్డా. అది బందయినంకనే మాకు నిద్ర పోయింది.”

ఆ మాటలో చాలా ఉంది. మిల్లు మోత అన్నం పెట్టేది, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో ఊరందరికీ తెలుసు. హారన్ అలా కాదు, ఏ క్షణాన మీద పడుతుందో తెలియదు, ఆపడం మన చేతిలో లేదు. 1972లో డేవిడ్ గ్లాస్, జెరోమ్ సింగర్ ‘అర్బన్ స్ట్రెస్’ అనే పుస్తకంలో తేల్చిందీ ఇదే. ఎప్పుడొస్తుందో తెలియని, అదుపులో లేని చప్పుడు విన్నవాళ్లు, అది ఆగిపోయాక కూడా చేసే పనిలో తడబడ్డారు.

ఒక సాయంత్రం అతను దుకాణం వెనక స్టోరు గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. పైకప్పు దాకా సెలైన్ అట్టపెట్టెలు. అక్కడే కాస్త చప్పుడు తక్కువ. 14416 నొక్కి తెలుగు ఎంచుకున్నాడు. అది టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్రం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ. నా మైకు చొక్కా గుండీకి రాసుకుని గరగరమంటుంటే రెండు వేళ్లతో పట్టుకుని పెదాల దగ్గర పెట్టుకున్నాడు.

“నిద్ర పడ్తలేదు మేడం,” అన్నాడు. అంతలో లారీ హారన్ గోడ దాటి వచ్చింది.

“మీ వెనక ఆ చప్పుడేంటండీ?”

“గదే మేడం, నా బాధ.”

ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు, అతనితోపాటు ఆ హారన్ అయిపోయేదాకా విన్నది. ఎక్కడో ఒక నిశ్శబ్దమైన గదిలో కూర్చోబెట్టి అడిగితే ఆ బాధ ఆమెకు మాటల్లోనే తెలిసేది. ఫోన్‌లో నేరుగా చెవిన పడింది. ఫోన్ వైద్యానికున్న ఈ బలాన్ని నేను దగ్గరుండి చూశాను. మంచం కిటికీకి దూరంగా జరపమంది, నిద్రకు ఒకే వేళ పెట్టుకోమంది, ఊపిరి నెమ్మదిగా వదలడం నేర్పింది. తగ్గకపోతే మానసిక వైద్యునితో మాట్లాడిస్తామంది. మళ్లీ చేశాడు. ఇప్పుడు కొంత నిద్రపోతున్నాడు.

కొంతే. ఎందుకంటే మిగతాది అతని తలలో లేదు, రోడ్డు మీద ఉంది. ఆసుపత్రుల చుట్టూ 100 మీటర్లను నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనే ఉంది. అక్కడ పగలు 50, రాత్రి 40 డెసిబెల్స్ దాటకూడదు. రకరకాల రాగాలు పలికే హారన్లు మోటారు వాహనాల నియమాల ప్రకారం అసలే నిషిద్ధం. రోగిని ఓర్చుకోమనడం సగం వైద్యమే. ఆ నియమాలు కాగితం దిగి రోడ్డెక్కడం మిగతా సగం.

మీకూ ఇలాగే నిద్ర పట్టకపోతే 14416కు ఫోన్ చేయండి, రాత్రయినా పలుకుతారు. ఖలీల్‌వాడిలో బండి నడిపేటప్పుడు మాత్రం దయచేసి హారన్ మీది చెయ్యి తీయండి.