గవర్నింగ్ బాడీకి మన మనిషి: పెద్దలు వద్దనే సలహాలు

ఎన్నిక లేని చోటే ఎన్నిక పెట్టుకోండి. ఇదేం తలతిక్క మాట అనిపించవచ్చు. కానీ నా మొదటి సలహా ఇదే, మిగతావన్నీ దీని మీద ఆధారపడ్డవే.

అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ దాటితే మూసీ ఒడ్డున హైకోర్టు, ఆ వరసలోనే సిటీ కాలేజీ. 1921లో ఇంటర్మీడియట్ తరగతులతో ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చిన ఈ కాలేజీ ఇప్పుడు అటానమస్. అటానమస్ కాలేజీకి పాలకమండలి ఉండాలి, అందులో ఇద్దరు అధ్యాపకులు ఉండాలి అని యూజీసీ నిబంధనలు చెబుతాయి. ఆ ఇద్దరినీ సీనియారిటీని బట్టి ప్రిన్సిపాల్ నామినేట్ చేస్తారు. ఉస్మానియా పాలకమండలి సంగతీ అంతే. 1991 విశ్వవిద్యాలయాల చట్టం కింద ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో కొందరు పదవి రీత్యా కూర్చుంటారు, మిగిలినవారిని ప్రభుత్వం నామినేట్ చేస్తుంది. అధ్యాపకులు వచ్చినా ఆ దారినే రావాలి. ‘మీ తరఫున ఎవరు వెళ్లాలి’ అని స్టాఫ్‌రూమ్‌ని అడిగేవారు లేరు.

అడగకపోయినా చెప్పండి. ఇలాంటి ఏ కాలేజీలోనైనా సరే నోటీసు పెట్టండి, తేదీ వేయండి, డబ్బా పెట్టి రహస్య ఓటింగ్ జరపండి. పర్మినెంట్ వాళ్లతోనే సరిపెట్టకండి. కాంట్రాక్ట్ లెక్చరర్లకు, గెస్ట్ ఫ్యాకల్టీకి, లైబ్రరీ వాళ్లకు, ల్యాబ్ అటెండర్లకు, ఆఫీసు సిబ్బందికి అందరికీ ఓటివ్వండి. ఓటు కాగితం తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడింటిలోనూ ఉండాలి. పాతబస్తీలో ఇది మర్యాద కోసం చేసే పని కాదు, అందరికీ అర్థం కావడానికి చేయాల్సిన పని. ఫలితాన్ని ఒక ఉత్తరంగా రాసి ప్రిన్సిపాల్‌గారి చేతికివ్వండి. ఆయన దానికి కట్టుబడనవసరం లేదు. నిబంధన సీనియారిటీ అంటుంది కాబట్టి ఇంకొకరిని వేయవచ్చు కూడా. వేయనివ్వండి. అలా నామినేట్ అయిన సీనియర్ సార్ దగ్గరికి మీరు ఎన్నుకున్న మనిషి వెళ్లి, “సార్, ఎజెండా వచ్చిందా, కలిసి చదువుదాం” అని అడగాలి. ఓట్లతో వచ్చిన మనిషి అలా అడిగితే కాదనడం కష్టం. ఎన్నిక విలువ అక్కడుంది.

రెండో సలహాకి ఇంకా కోపాలొస్తాయి. పలుకుబడి ఉన్నవారిని నిలబెట్టకండి. సెక్రటేరియట్‌లో తెలిసినవాళ్లున్నారు, మంత్రిగారి పేషీలో మాట చెల్లుతుంది అంటూ ఒక పేరు ఎప్పుడూ ముందుకొస్తుంది. పలుకుబడి అనేది నలుగురికీ పని చేసిపెడుతూ, నలుగురితో పని చేయించుకుంటూ కూడబెట్టుకునేది. దాన్ని పోగొట్టుకునే ప్రశ్న ఆ మనిషి నోట రాదు. బడ్జెట్ కాగితంలో మూడో పేజీలోని అంకెకూ తొమ్మిదో పేజీలోని అంకెకూ పొంతన లేదని పట్టుకోగలిగే మనిషి కావాలి. ఆ గుణం ఒక్కోసారి లైబ్రేరియన్‌లో కనిపిస్తుంది, ఒక్కోసారి చేరి నాలుగేళ్లు కాని మేడమ్‌లో కనిపిస్తుంది. వాళ్లనే అడగండి. వాళ్లు వద్దంటారు, మళ్లీ అడగండి.

ఏకగ్రీవం వద్దు. పంచాయతీ ఎన్నికల్లో ఏకగ్రీవమైన ఊళ్లకు ప్రోత్సాహకాలు ప్రకటించడం చూసి, పోటీ లేకపోవడమే సంస్కారం అనుకోవడం మనకు అలవాటైంది. స్టాఫ్‌రూమ్‌లో ఏకగ్రీవం అంటే చాలాసార్లు ముందురోజు సాయంత్రం నలుగురు కూర్చుని తేల్చేసుకున్నదే. ఒకే పేరు వస్తే రెండో మనిషిని బతిమాలైనా నిలబెట్టండి. ఓడినా ఆ రెండో మనిషికి పనుంది. ప్రతి సమావేశం తర్వాత ‘ఏం జరిగింది’ అని గెలిచినవారిని అడిగే బాధ్యత వాళ్లకే అప్పగించండి. దాన్ని కక్ష అనుకోవద్దని ఇద్దరికీ ముందే చెప్పండి.

కోర్టుకు పోదాం అనే మాట నయాపూల్‌లో త్వరగా వస్తుంది, ప్రహరీ అవతలే హైకోర్టు కదా. ఈ విషయంలో మాత్రం రిట్ వేయడాన్ని ఆఖరికి ఉంచండి. 1966లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉస్మానియా విశ్వవిద్యాలయ చట్టాన్ని సవరించి, పదవిలో ఉన్న వైస్‌ఛాన్సలర్ డి.ఎస్. రెడ్డి గడువును మధ్యలోనే ముగించే సెక్షన్ తెచ్చింది. విశ్వవిద్యాలయ స్వతంత్రత కోసం విద్యార్థులు ఆందోళనకు దిగారు. ఇక్కడి హైకోర్టు ఆయన పిటిషన్‌ను కొట్టేసింది. సుప్రీంకోర్టు మాత్రం ఆయన ఒక్కరినే వేరుచేసి చూడటం రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని ఆ సెక్షన్‌నే రద్దు చేసింది. అది గొప్ప గెలుపు, అందులో సందేహం లేదు. కానీ అది ఒక వైస్‌ఛాన్సలర్ కుర్చీకి దక్కిన గెలుపు. పాతికేళ్ల తర్వాత 1991 చట్టం వచ్చినప్పుడు ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌లో కూర్చునేవారిని ఎంచుకునే అధికారం ప్రభుత్వానికే దక్కింది. తీర్పు ఒక మనిషిని కాపాడగలదు, సిబ్బందికి ఓటేసే అలవాటు నేర్పలేదు. అది మీరే చేసుకోవాలి, ఏటా చేసుకోవాలి.

ఓటుతో ప్రతినిధులను పంపితే పాలన చెడుతుందనేవారికి ఒక మాట. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో టీచర్లు తమ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌కు ఇద్దరిని ఎన్నుకుంటారు. స్కాట్లండ్ 2016లో చట్టమే చేసింది: ప్రతి విశ్వవిద్యాలయ పాలకమండలిలో సిబ్బంది ఎన్నుకున్నవారు ఇద్దరుండాలి. పైగా యూనియన్లు పంపే ఇద్దరు వేరే, వాళ్లలో ఒకరు బోధనేతర సిబ్బంది నుంచి రావాలి. బోధనేతరులకు చోటివ్వాలన్న ఊహ కూడా మన దగ్గర లేదు. ల్యాబ్‌లో గ్యాస్ సిలిండర్ ఎక్కడ పెట్టారో, పరీక్ష పేపర్ల గది తాళం ఎవరి దగ్గరుందో వాళ్లకు తెలిసినంత ప్రొఫెసర్లకు తెలియదు.

గెలిచిన మనిషిని మీ డిమాండ్లతో పంపకండి. డీఏ బకాయిలు, బదిలీలు, కాంట్రాక్ట్ వాళ్ల క్రమబద్ధీకరణ అన్నీ న్యాయమైనవే. కానీ ప్రభుత్వ కాలేజీలో వాటిని తేల్చేది పాలకమండలి కాదు. వాటికి సంఘం ఉంది, ధర్నా ఉంది. పాలకమండలి చూసేది కొత్త కోర్సుల ఆమోదం, స్కాలర్‌షిప్పులు, అటానమీని దేనికి వాడుతున్నామన్న విచారణ. ఏడాదికి కనీసం రెండుసార్లు సమావేశం కావాలని నిబంధన. ఆ రెండు పూటలూ సొంత గోడుకి ఖర్చయితే, ఎవరూ చదవని ఓ కోర్సు ఫీజుతో సహా ఆమోదం పొంది బయటికొస్తుంది. దాని భారం మోసేది పిల్లలు.

ఒప్పుకోనప్పుడు బల్ల గుద్దమని చెప్పకండి. “నా అసమ్మతి మినిట్స్‌లో రాయండి” అని ఒక్కసారి, మెల్లగా, అందరికీ వినబడేలా అనమనండి. తర్వాతి సమావేశంలో పాత మినిట్స్ ఖరారు చేసేటప్పుడు ఆ వాక్యం ఉందో లేదో చూడమనండి. అది లేకపోతే సంతకం పెట్టే ముందు అడగాలి, ఎవరు చిరాకుపడినా సరే.

ఇక బాగా పనిచేసినవారిని రెండోసారి ఎన్నుకోకండి. మనసొప్పదు, నిజమే. అయినా పదవి అలవాటైన మనిషి కన్నా, ఆ గదిలోకి వెళ్లొచ్చి మళ్లీ మన పక్క బల్ల దగ్గర పాఠం రాసుకునేవారు నలుగురైదుగురు ఉండటమే కాలేజీకి బలం. పదవి దిగేవారు తమ ఫైళ్లన్నీ వరసపెట్టి కొత్తవారికి అప్పగించాలి, మొదటి సమావేశం ఎజెండాను వాళ్లతో కలిసి చదవాలి. ఆ పని పూర్తయ్యాకే కొత్తవారి పేరుతో ఉత్తరం ప్రిన్సిపాల్‌గారికి పంపండి.