ద్వితీయహస్త పరీక్షా శాస్త్రం

శాస్త్రం రాసేవాడు విషయం, ప్రయోజనం, సంబంధం, అధికారి అనే నాలుగింటినీ ముందే తేల్చి చెప్పాలి. ఈ శాస్త్రానికి విషయం పాత కంప్యూటర్ విడిభాగం. ప్రయోజనం సగం ధరకు పూర్తి కంప్యూటర్. సంబంధం అమ్మేవాడికీ కొనేవాడికీ నడుమ మూడు రోజుల చెకింగ్ వారంటీ. ఇక అధికారి ఎవరంటే, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ మెట్లెక్కి, కొత్త గ్రాఫిక్స్ కార్డు ధర విని, గొంతు తగ్గించి ‘పాతదేమన్నా ఉందా అన్నా?’ అని అడిగినవాడు.

మొదటి సూత్రం: మంచి సరుకు బజారుకు రాదు.

వ్యాఖ్య: ఈ సూత్రాన్ని దర్శించిన ఋషి జార్జ్ అకెర్లాఫ్. పాత కార్ల బేరం మీద ఆయన రాసిన వ్యాసాన్ని రెండు పత్రికలు మరీ అల్ప విషయమని తిప్పి పంపాయి. ఇదే నిజమైతే అర్థశాస్త్రమే మారిపోవాలని మూడోది వెనక్కి కొట్టింది. చివరికి 1970లో అచ్చయింది, 2001లో ఆయనకు నోబెల్ వచ్చింది. సారాంశం ఇది: కొనేవాడికి మంచీ చెడ్డా తెలియదు గనక నడిమి ధర అడుగుతాడు. ఆ ధరకు మంచి సరుకున్నవాడు ఇవ్వడు. చెడ్డ సరుకున్నవాడు ‘సార్ కోసం’ అంటూ ఇచ్చేస్తాడు.

రెండో సూత్రం: నిజం తెలుసుకునే ప్రమాణాలు నాలుగు, వాటిలో మూడు మోసం చేస్తాయి.

వ్యాఖ్య: శబ్దం అంటే ఆప్తవాక్యం. బజారులో ఆప్తులకు కొదవ లేదు. ‘మా తమ్ముడు సదువుకునేటందుకు వాడిండు, గంతే’ అంటాడొకడు. ‘డాక్టర్ గారింట్లోది సార్, మెయిల్స్ చూసుకునేవారు’ అంటాడింకొకడు. కొట్టుకో డాక్టర్ గారున్న ఈ నగరంలో రోగులను ఎవరు చూస్తున్నారో తెలియదు.

ప్రత్యక్షం అంటే ‘చూడండి, డిస్‌ప్లే వచ్చింది’. టంకం వదిలిన గ్రాఫిక్స్ చిప్పును హీట్ గన్‌తో కాస్త వేడి చేస్తే కొన్నాళ్లు బతుకుతుంది. ఆ కొన్నాళ్లు ఎన్నాళ్లో చెకింగ్ వారంటీ గడువు పెట్టినవాడికి బాగా తెలుసు. 32 జీబీ పెన్‌డ్రైవ్ కంట్రోలర్‌కు అబద్ధం నేర్పితే కంప్యూటర్‌కు పెట్టగానే 1 టీబీ అని చూపిస్తుంది. మొత్తం నింపి, తిరిగి చదివించేదాకా గుట్టు బయటపడదు. ముసలి జీటీఎక్స్ 550 టీఐ కార్డుకు బయోస్ మార్చి, 1050 అని నామకరణం చేసిన పురోహితులూ ఉన్నారు. జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ అలాంటి కార్డుల పేరు ముందు ‘ఫేక్’ అని నిర్మొహమాటంగా రాసేస్తుంది.

ఉపమానం అంటే ‘మా బావ కార్డు బాగా నడుస్తోంది, ఇదీ అదే మోడల్’. 2022 సెప్టెంబర్ 15న ఇథీరియం క్రిప్టోకరెన్సీని గ్రాఫిక్స్ కార్డులతో తవ్వే మైనింగ్‌కు తెర పడింది. అప్పటిదాకా రాత్రింబవళ్లు షెడ్లలో కాగిన కార్డులు గుంపులుగా బజారున పడ్డాయి. బావగారి కార్డు సాయంత్రాలు ఆటలు ఆడింది, ఈ కార్డు ఏళ్ల తరబడి కొలిమి కాచింది. మోడల్ ఒకటే, జాతకాలు వేరు.

మిగిలింది అనుమానం. తార్కికుడు పొగను చూసి నిప్పును ఊహిస్తాడు. మనకు పొగ వచ్చేదాకా ఆగే వీల్లేదు. మదర్‌బోర్డు మీద కెపాసిటర్ తల ఉబ్బిందా, స్క్రూ గాడులు అరిగాయా చూసుకోవాలి. ప్రాసెసర్ సాకెట్ మీద ఫోన్ టార్చ్‌ను ఏటవాలుగా పట్టాలి. ఎల్‌జీఏ 1700లో పిన్నులు 1,700. అన్నీ బారులు తీరి మెరవాలి. ఒక్కటి తలవంచినా ఒక ర్యామ్ స్లాట్ మూగబోవచ్చు.

హార్డ్ డిస్క్ తన జీవితచరిత్ర తానే రాసుకుంటుంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్‌తో తెరిచి చూడండి. 40,000 గంటలు నడిచింది, 60 సార్లు ఆన్ అయింది అని ఉందనుకుందాం. అంటే మొత్తం నాలుగున్నరేళ్ల నడక, ఆన్ చేసిన ప్రతిసారీ దాదాపు నాలుగు వారాలు ఏకధాటిగా. డాక్టర్ గారు మెయిల్ చూడటానికి కూర్చుని నెలకోసారి లేచేవారా? కాదు. అది సీసీ కెమెరా పెట్టెలోనో సర్వర్‌లోనో చాకిరీ చేసిన డిస్క్.

పూర్వపక్షం: ఆ అంకెలను నమ్మవచ్చునా?

సమాధానం: గంటలను సున్నా చేసే విద్య కూడా ఉంది. 2025 జనవరిలో జర్మనీలో, కొత్తవని కొన్న డిస్కులు అప్పటికే వేల గంటలు తిరిగినవని బయటపడింది. అంకె సున్నా అయి, స్క్రూ రంధ్రాల చుట్టూ గీతలుంటే గీతలనే నమ్మాలి.

పూర్వపక్షం: మోసపోతే చట్టం లేదా?

సమాధానం: ఉంది. సరుకు నాణ్యత గురించి చెప్పే 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ఉంది. అయితే పరీక్షించి కొన్నవాడికి, ఆ పరీక్షలో తేలి ఉండాల్సిన లోపం విషయంలో ఆ సెక్షన్ అండగా నిలవదు. కాబట్టి పైపైన తిప్పి చూసి ‘బాగుంది’ అని తలూపడం కంటే పెద్ద ప్రమాదం లేదు.

సిద్ధాంతం: ప్రాసెసర్ పాతదైనా కొనవచ్చు, అది చెడిపోవడం అరుదు. ర్యామ్ తీసుకుని, వారంటీ ముగియకముందే ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్86 పరీక్ష పెట్టండి. గ్రాఫిక్స్ కార్డును కొట్లోనే గంటసేపు పూర్తి లోడ్ మీద నడిపించమనండి, ఒప్పుకోకపోతే మెట్లు దిగండి. హార్డ్ డిస్క్, పవర్ సప్లై మాత్రం కొత్తవే కొనండి. మొదటిది పోతే ఫొటోలు పోతాయి, రెండోది పోతూ మిగతా భాగాలను కూడా వెంట తీసుకుపోగలదు. ఆ రెండింటి దగ్గర మిగిల్చిన డబ్బు మిగులు కాదు.