సౌండ్‌బాక్సు పలుకు (టీకా తాత్పర్య సహితం)

మూలం

"నలభై రూపాయలు అందాయి."

అవతారిక

పొద్దున ఏడున్నర. మా వీధి మలుపులో ఇడ్లీ బండి. అక్క కుడిచెయ్యి పిండిలో ఉంది, ఎడమచెయ్యి చట్నీ గరిటె మీద, చూపు ఆవిరి మీద. ఆరుగురు నిలబడి తింటున్నారు. ఇద్దరు పార్సిల్ కోసం తొందరపెడుతున్నారు. వారిలో ఒకడు అట్ట మీద అంటించిన క్యూఆర్ గళ్లకు ఫోను చూపి, రహస్యపు అంకెలు నొక్కాడు. అప్పుడు చట్నీ గిన్నె పక్కనున్న అరచేతంత బాక్సు పై వాక్యాన్ని వీధి మొత్తానికీ వినపడేలా పలికింది.

ప్రతిపదార్థం

నలభై = ప్లేటు ఇడ్లీ వెల. పది తగ్గితే ఇక్కడే పట్టుబడుతుంది గనుక ఈ పదం ముందు రావడం ఉచితమే.

రూపాయలు = రూపాయలే. టీకాకారుడికి ఇక్కడ పని లేదు.

అందాయి = ఖాతాలో పడ్డాయి. "పంపాను" అనేది కొన్నవాడి మాట, "అందాయి" అనేది అమ్మినవాళ్ల మాట. బాక్సు ఎవరి పక్షమో ఈ క్రియాపదం దగ్గరే తేలిపోయింది.

తాత్పర్యం

ఓ అక్కా, నువ్వు తల తిప్పనక్కర్లేదు. ఓ నాయనా, నువ్వు వెళ్లవచ్చు.

విశేషాలు

యూపీఐ 2016లో వచ్చింది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు రెప్పపాటులో దాటించే పని అద్భుతంగా చేసింది. అయితే గల్లాపెట్టె చేసే పని ఒకటి అందులో లేదు. బిళ్ల పడితే గల్లా గల్లుమంటుంది, నోటు వేళ్లకు తగులుతుంది. ఫోను చెల్లింపుకు చప్పుడూ లేదు, స్పర్శా లేదు. అందుకే కొన్నేళ్లపాటు ప్రతి బండి దగ్గరా "వచ్చిందా?", "పోయిందక్కా, చూడు" అనే సంవాదం నడిచింది. 2019లో పేటీఎం సౌండ్‌బాక్సు దించింది, తర్వాత మిగతావాళ్లూ అదే దారి పట్టారు. లోపల దాని సిమ్ దానికే ఉంటుంది, అక్క ఫోనుతో దానికి పని లేదు.

శంక: డబ్బు పడితే ఫోనుకు మెసేజ్ వస్తుంది కదా, నెలనెలా అద్దె కట్టి ఈ బాక్సెందుకు? సమాధానం: ఈ శంక చేసినవాడు పిండి చేతులతో ఫోను తెరిచి ఎరగడు.

శంక: కొన్నవాడు తన ఫోనులో పచ్చటి టిక్కు చూపిస్తున్నాడు. ప్రత్యక్షాన్ని మించిన ప్రమాణం ఉందా? సమాధానం: తర్కం చెప్పే నైయాయికులు ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పి, ప్రత్యక్షానికే పెద్దపీట వేశారు. వాళ్లకు స్క్రీన్‌షాట్ తెలియదు. నిన్నటి చెల్లింపు బొమ్మ ఈరోజు చూపించి పోయేవాళ్లున్నారు, అచ్చు అసలుదానిలాగే టిక్కు పెట్టే దొంగ యాప్‌లున్నాయి. ఇడ్లీ బండి దగ్గర ప్రత్యక్షం చెడింది, శబ్దం నిలిచింది. శబ్దప్రమాణానికి ఆప్తుడు కావాలి, అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. కొన్నవాడి ఫోను కొన్నవాడిది, అది ఎలా ఆప్తమవుతుంది?

శంక: సిగ్నల్ లేక బాక్సు పలకకపోతే? దీనికి అక్క సిద్ధాంతం స్పష్టం. "నా అకౌంట్లో కట్ అయిందక్కా" అంటాడు కుర్రాడు. "మోగలేదు తమ్ముడూ" అంటుంది అక్క. కనబడకపోవడమే లేదనడానికి ప్రమాణమని భాట్ట మీమాంసకులు వాదించారు. అక్క ఆ మతమే, వినబడకపోవడం దాకా విస్తరించింది. కుర్రాడు ప్లేటు పట్టుకుని నిలబడే ఉంటాడు.

ధ్వని: వాచ్యార్థం ఒకటే, వ్యంగ్యార్థం వినేవాడిని బట్టి. వరసలో తరువాతివాడికి "నీ వంతు" అని, ఇంకా డబ్బివ్వనివాడికి "నువ్వో?" అని, ఎదుటి బండివాడికి కడుపుమంట.

మెదక్ సీమ కొల్చారం ఊరివాడుగా చెప్పుకునే మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యానం రాస్తూ, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ముందే ఒట్టు పెట్టుకున్నాడు. ఈ బాక్సు చేసినవాళ్లలో ఎవరో ఆయన శిష్యుడుండాలి. పంపినవాడి పేరు చెప్పదు, లావాదేవీ నంబరు చదవదు. ఆ పన్నెండంకెలూ చదివి వినిపిస్తే ఈలోపు ఇడ్లీ మాడేది.

పాఠభేదాలు

"ఫార్టీ రుపీస్ రిసీవ్డ్" అని ఎదుటి బండి ప్రతిలో. "స్వీకరించబడినవి" అని ఒక మందుల షాపు ప్రతిలో. ఈ "బడు" ప్రయోగం తెలుగువాడి నోట సహజంగా రాదు, అగ్రాహ్యం. 2023లో ఫోన్‌పే బాక్సుల్లో అమితాబ్ గొంతు, 2024లో తెలుగుకు మహేశ్‌బాబు గొంతు వచ్చాయి. వినడానికి బాగుంటాయి. అలంకారమే గానీ అర్థంలో భేదం లేదు. అక్క మాత్రం ఆడగొంతు పాఠాన్నే ఉంచుకుంది, ఎందుకో అడగలేదు.

పదలోపం

మూలంలో ఒక పదం లోపించింది. అందాయి సరే, ఎవరికి? కి, కు, యొక్క, లో, లోపల: షష్ఠి లేదు. క్యూఆర్ తీసుకున్న రోజున కాగితాలన్నీ అక్క కొడుకు పేరు మీద రాశారు, ఖాతా అతనిది. పొద్దుటి నుంచి బాక్సు అందాయి, అందాయి అంటూనే ఉంటుంది. సాయంత్రం మినప్పప్పు కొనడానికి అక్క కొడుకును అడగాలి. బాక్సు చేసినవాళ్లు అక్క చేతులు చూశారు, ఆ చేతుల్లోకి డబ్బు వచ్చే దారి చూడలేదు.

బండి కింద స్టీలు డబ్బా ఒకటుంది. నోటిచ్చినవాడి డబ్బు అందులో పడుతుంది, అది ఏమీ పలకదు. రెండోసారి చట్నీ అడిగితే అతనికే ముందు పడుతుంది. ఇది పాఠభేదం కాదు, నేను చూసిందే.