రెండు దూపలు

నా చిల్లుల మూతి ఊడిపోయిన వారంలోనే ఆ మొలకల మెడలు విరిగాయి. ఇన్నేళ్లయినా ఆ పొద్దు నాకు గుర్తుంది.

నేను పది లీటర్లు పట్టే రేకు డబ్బాను. నర్సరీల్లో రోజ్ క్యాన్ అంటారు. మెదక్‌లో నేనున్న ఇంట్లో అవ్వ మాత్రం చిల్లుల డబ్బా అనేది. మా పెరట్లో నిలబడితే ఇళ్ల కప్పుల మీదుగా చర్చి గోపురం కనిపిస్తుంది. 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన చర్చి అది, గోపురం 175 అడుగులు. పొద్దున ఎండ ముందు ఆ గోపురం మీద పడేది, తర్వాత అవ్వ పందిరి మీదికి దిగేది, ఆఖరుకు బోరు పక్కన నిండుతున్న నా మీదికి వచ్చేది.

పందిరి మీద ఏటా చిక్కుడే. ఒక ఏడు కూర కోసమని తెచ్చిన డబుల్ బీన్స్‌ను రాత్రి నానబెట్టి, అందులోంచి గుప్పెడు తీసి, మృగశిర కార్తె మొదటి వాన పడగానే పందిరి గుంజల చుట్టూ నాటింది అవ్వ. తెల్లగా, వెడల్పుగా, అర్ధచంద్రుడిలా ఉండే గింజలు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరులో కూడా చంద్రుడున్నాడు: ఫేసియోలస్ లూనాటస్. పెరూ దేశపు లిమా నగరం పేరుమీద లోకమంతా లిమా బీన్స్ అంటుంది. ఆ దేశంలో మోచే కుమ్మరులు వెయ్యేళ్లకు ముందే కుండల మీద ఈ గింజల బొమ్మలు వేశారట. ఇవన్నీ అవ్వ మనవరాలు చెబుతుంటే విన్నవి. ఆ పిల్ల ములుగులో, కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయంలో చదివేది. ఆ ములుగు ఒకప్పుడు మెదక్ జిల్లాలోదే. 2016లో సిద్దిపేట జిల్లాలోకి పోయింది.

మా పెరడు ఎర్ర చెల్క. తడిసిన వెంటనే ఎండ కాస్తే పైపొర పెంకులా బిగుసుకుంటుంది. చిల్లుల మూతి లేని నా మెడలోంచి నీళ్లు ధారగా పడి మట్టిని అణగ్గొట్టాయి. ఈ గింజ మొలిచే తీరు వేరు. మెడ వంచుకొని, రెండు బరువైన బద్దలను నెత్తిన మోసుకుంటూ మట్టిని తోసుకొని పైకి రావాలి. బద్దలు పెద్దవి, మెడ సన్నం. పైన పెంకు కట్టింది. నానిన గింజలు కొన్ని మొలవకుండానే కుళ్లాయి. అవ్వ వేలితో పెళ్లలెత్తి చూసి, "అయ్యో, లోపల్నే ఇరిగినయి" అంది. నా బరువు అంతకుముందు ఎన్నడూ నాకు తెలియలేదు.

మరునాడు అవ్వ నా మెడకు పాత చీర ముక్క కట్టింది. ఈసారి పొడి గింజలనే రెండు వేళ్ల లోతున నాటి, పైన ఎండు గడ్డి పరిచింది. వారం తిరిగేసరికి గడ్డి సందుల్లోంచి వంగిన మెడలు పైకి లేచాయి. ఆ తర్వాత వాటిని పట్టలేకపోయాం. తీగలు తాళ్లను చుట్టుకుంటూ నెల దాటేసరికి పందిరెక్కాయి. పక్కింటామె యూరియా వెయ్యమంటే మనవరాలు ఒప్పుకోలేదు. ఒక గిడసబారిన మొక్కను పీకి వేళ్లకున్న బుడిపెలను చూపింది. గోటితో గిల్లితే లోపల గులాబీరంగు. గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చే సూక్ష్మజీవులు వాటిలోనే ఉంటాయని, పైనుంచి యూరియా పోస్తే ఆకు పెరిగి కాయ తగ్గుతుందని చెప్పింది. నాకు పని తక్కువే. నాలుగు రోజులకోసారి మొదలు దగ్గర నిండుగా పోస్తే నీళ్లు లోతుకు దిగేవి, వేరు వాటివెంట దిగేది. పూతకొచ్చాక మాత్రం ఒక్క తడి తప్పినా పూలు రాలేవి.

వానలు వెనక్కి పోయిన ఒక పక్షంలో ఎర్రనల్లి పట్టి ఆకుల మీద సన్నటి పసుపు చుక్కలు లేచాయి. మందు కొట్టొద్దంది మనవరాలు. నల్లి పీల్చినప్పుడు ఈ మొక్క ఒక వాసన విడుస్తుందట, ఆ నల్లిని తినే ఇంకో రకం నల్లి ఆ వాసన పట్టుకొని వస్తుందట. నెదర్లాండ్స్‌లో వాగెనింగెన్ విశ్వవిద్యాలయానికి చెందిన మార్సెల్ డికె, ఆయన తోటివాళ్లు లిమా బీన్స్ మీదనే ఈ సంగతి తేల్చారు. నేను రోజూ తడిపే ఆకులు ఎవరినో పిలుస్తున్నాయని ఆ రోజే తెలిసింది. మూడున్నర నెలలకు కాయలు ఒలిచారు. గింజల్లో లినమరిన్ అనే పదార్థం ఉంటుంది, దాన్నుంచి సైనైడ్ విడుదలవుతుంది. అందుకే బాగా ఉడికించి ఆ నీళ్లు పారబోయాలి. అవ్వకు ఆ పేరు తెలియదు కానీ వార్చకుండా ఎన్నడూ వండలేదు.

ఆ డిసెంబరులో చర్చికొచ్చే జనం కోసం రోడ్డు పక్కన ఆగిన మొక్కల బండి మీద మనవరాలు ఒక కుండీ కొన్నది. రెక్స్ బెగోనియా. వెండి పూసినట్టున్న ఆకు మధ్యన ముదురు ఎరుపు, ఒక పక్క పెద్దగా, ఇంకో పక్క చిన్నగా. బెగోనియా అన్న పేరు మిషెల్ బేగోన్ అనే ఫ్రెంచి అధికారిది. మొక్కల కోసం కరీబియన్ దీవులు తిరిగిన షార్ల్ ప్లుమియే పెట్టాడు. ఈ రెక్స్ రకం మాత్రం మన అస్సాం వైపుది, 19వ శతాబ్దంలో ఇంగ్లండ్ చేరింది. చెట్ల నీడ, తేమగాలి, రాళ్ల మధ్య ఆకుమట్టి దాని పుట్టిల్లు. మెదక్ ఎండకు అది ఎంత దూరమో అప్పుడు మాకెవరికీ తోచలేదు.

మనవరాలు హాస్టల్‌కు పోయింది. అవ్వ ప్రేమగా రోజూ సాయంత్రం నన్ను ఎత్తి ఆకుల మీదుగానే పోసింది. కుండీ అడుగు చిల్లు మట్టితో పూడుకుపోయి ఉంది. పది రోజులకు ఆకులు వాలాయి. వాలిన ఆకును చూసి ఆమె ఇంకో చెంబెడు ఎక్కువ పోసింది. పందిరి తీగ వాలితే తడి తగ్గిందన్న మాట, పోయగానే గంటలో లేచేది. ఇది లేవలేదు. మట్టి మీద అడ్డంగా పాకే దాని దుంపకాండం మెత్తబడి గోధుమరంగుకు తిరిగింది. దాహంతో వాలినా, మునిగి వాలినా ఆకు ఒకే తీరుగా వాలుతుంది. నేను ఆ రెంటినీ వేరు చేయలేకపోయాను, నిండితే ఒలకడం తప్ప నాకేం తెలుసు.

సంక్రాంతికి వచ్చిన మనవరాలితో, "వాడింది జూసి దూప అయితుందనుకున్న బిడ్డా" అంది అవ్వ. గొంతు వణికింది.

"ఇంకోపాలి పోసే ముందు ఏలు పెట్టి జూడు అవ్వా. పైన పొడిగుంటెనే పొయ్యాలె, ఆకు తడవొద్దు" అంది పిల్ల. కుళ్లని ఆకు ఒకటే మిగిలింది. దాన్ని తీసి, వెనక ఈనెలను బ్లేడుతో అక్కడక్కడ కోసి, తడి ఇసుక మీద పరిచి, కదలకుండా గులకరాళ్లు పెట్టి, పైన తెల్లటి ప్లాస్టిక్ కవరు కప్పింది. మాఘం గడిచి ఫాల్గుణం నడుస్తుండగా కోసిన ఈనెల దగ్గర ఆవగింజంత ఆకులు మొలిచాయి. అవ్వ కళ్లద్దాలు పెట్టుకొని చాలాసేపు చూసింది. "ఆకు ఈనిందా!" అంది. బీన్స్‌ను ఆమె గింజగా, బూడిద కలిపిన కుండలో ఏడాదంతా దాస్తుంది. దీనికి దాచడమంటూ లేదు, ఒక ఆకు పచ్చగా ఉండాలి అంతే.

ఎండాకాలం ఆ పిల్లమొక్కలు వరండా లోపలి మూల గడిపాయి. కింద గులకరాళ్లు పోసిన పళ్లెంలో నీళ్లు, కిటికీకి తడి గోనెపట్టా. బోరు నీళ్లకు ఆకుల మీద తెల్లమచ్చలు పడుతుంటే నల్లా నీళ్లు పట్టి పెట్టేవారు. పొయ్యడానికి నేను పెద్దవాణ్ని, అందుకని చిన్న గ్లాసు. పందిరి మాత్రం నాకే మిగిలింది.

తర్వాత రెండేళ్లకు నా అడుగు తుప్పు తిని మూడు చోట్ల చిల్లులు పడింది. అతికించినా నిలవదన్నాడు రేకుపనివాడు. అవ్వ నన్ను పాత సామాన్లకు వెయ్యలేదు. నీళ్లు నిలవని కడుపే బెగోనియాకు కావాలని మనవరాలు అన్నది ఆమెకు గుర్తుంది. అడుగున పెంకులు పరిచి, ఇసుక, ఆకుమట్టి కలిపి నింపి, ఒక పిల్లమొక్కను నాలో పెట్టింది. దాని వేళ్లు నా గోడలకు తగులుతున్నాయి.

ఇవాళ పొద్దున గోపురం మీద ఎండ పడగానే అవ్వ కొత్త ప్లాస్టిక్ డబ్బా మోసుకొని వచ్చింది. దాన్ని కింద పెట్టి, నా మట్టిలో రెండో కణుపు దాకా వేలు దించింది.

"ఇంక తడుంది" అని, వేలు కొంగుకు తుడుచుకొని పందిరి దిక్కు పోయింది.